నీళ్ల జాడ

మా రోజుల్లో జీపులో నీళ్లు తగ్గితే ముందు గోనెసంచి పరుచుకుని బండి కింద పడుకునేవాళ్లం. కళ్లు ఆ చీకటికి అలవాటు పడేదాకా ఊరికే పైకి చూసేవాళ్లం. ఎక్కడ తడి ఉంది, ఎక్కడ తుప్పు పట్టింది, ఎక్కడ తెల్లటి చార దిగింది, చుట్టూ జిడ్డూ దుమ్మూ ఉండగా ఏ ఒక్క నట్టు మాత్రం కడిగినట్టుంది, ఇవన్నీ చూశాకే పానా చేతిలోకి తీసుకునేది. ఇప్పుడు బండి కిందికి పోయేవాడే లేడు. నిలబడే చెప్పేస్తున్నారు. రేడియేటర్ మార్చాలి, పంపు మార్చాలి, పైపులన్నీ మార్చాలి అంటారు. ఎక్కడ కారుతోందయ్యా అని అడిగితే జవాబుండదు. అన్నీ మారిస్తే ఎక్కడో ఒకచోట ఆగుతుంది కదా అంటారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. నలభై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నవాణ్ని, ఆ మాట వింటే నా కడుపు మండుతుంది.

మాది సిరిసిల్ల పక్క పల్లె. మగ్గాల ఇల్లు. మా నాయన నేసేటప్పుడు పక్కన కూర్చుని కండెలు చుట్టేవాణ్ని. పడుగులో వేల పోగులుంటాయి. ఒక్కటి తెగితే మగ్గం ఆపి, వేళ్లతో తడిమి, తెగిన కొస ఎక్కడుందో పట్టుకుని ముడి వేసేవాడు మా నాయన. పడుగు మొత్తం కోసి పారేసిన నేతగాణ్ని నేను చూడలేదు. సూరత్‌కు వచ్చి రెండేళ్లు ఉధ్నాలో పవర్‌లూమ్ మీద పనిచేసి, ఆ దుమ్ము పడక గ్యారేజీలో చేరాను. అక్కడ మా ఉస్తాద్ నేర్పింది కూడా అదే పని. కొస వెతికి పట్టుకోవడం.

అప్పటికే లింబాయత్, ఉధ్నా వైపు మనవాళ్లు చాలామంది ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గాల పని కోసం వచ్చిన పద్మశాలీ కుటుంబాలు. నగరపాలిక తెలుగు మీడియం బడులు నడిపిందంటే ఎంతమందిమి ఉన్నామో అర్థం చేసుకోండి. ఊరికి పోవాలన్నా రావాలన్నా వరంగల్ మీదుగా నవజీవన్ ఎక్స్‌ప్రెస్. డిండోలి అప్పటికి పేరుకే సూరత్ పక్కన ఉన్న ఊరు. చెరకు తోటలు, మట్టి బాటలు. వానాకాలం వస్తే స్కూటర్ కూడా నడవని బురద. నగరం పొలిమేరలు 2006లో పెరిగాయి. ఇప్పుడు నేనుంటున్న వీధిలో ఆ చెరకు చేలు ఉండేవంటే మా మనవలు నమ్మరు.

ఆ బురదలో నడిచినవి జీపులే. పాలు, చెరకు కూలీలు, పెళ్లి బృందాలు, పురిటి నొప్పుల ఆడవాళ్లు, అన్నీ వాటి మీదే. బార్డోలీ, వ్యారా, సోన్‌గఢ్ దాకా మనుషుల్ని కుక్కి తిప్పేవారు. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. మేము పని నేర్చుకునే నాటికి డీజిల్ జీపులదే రాజ్యం. ఎంఎం 540లో ప్యూజో వాళ్ల ఎక్స్‌డీపీ ఇంజను ఉండేది, 2112 సీసీ. బానెట్ ఎత్తితే లోపల మనిషి నిలబడేంత చోటు. ఏ పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో పదేళ్ల పిల్లవాడికి చూపించొచ్చు. ఆ బండ్లు మనిషికి తమ లోపలంతా చూపించేవి. ఇప్పటి బండి బానెట్ ఎత్తితే నల్ల ప్లాస్టిక్ మూత, కింద చూస్తే ఇంకో ప్లాస్టిక్ పళ్లెం. కారిన నీళ్లు ఆ పళ్లెంలోనే చేరి ఆరిపోతాయి. నేల మీద చుక్క పడదు. బండి ఉడికిపోయాకే సంగతి బయటపడుతుంది.

రేడియేటర్ సంగతి వేరే చెప్పాలి. మా కాలం రేడియేటర్ ఇత్తడి, రాగి. పైన ఒక ట్యాంకు, కింద ఒక ట్యాంకు, మధ్యలో సన్నటి గొట్టాలు, వాటి చుట్టూ రాగి రేకులు. కారితే విప్పి, రెండు మూతులకూ రబ్బరు బిరడాలు కొట్టి, సైకిల్ పంపుతో గాలి పట్టి నీళ్ల తొట్టిలో ముంచేవాళ్లం. సైకిల్ ట్యూబు పంచరు చూసినట్టే. బుడగలు వరస కట్టి ఎక్కడి నుంచి లేస్తే అక్కడ సుద్దముక్కతో గీత. తర్వాత ఆ చోటు ఇత్తడి మెరిసేదాకా గీకి, యాసిడ్ రాసి, సెగ పట్టి మాటు వేయడమే. సీసమూ తగరమూ కలిసిన కడ్డీ వెండిలా కరిగి చిల్లిలోకి జారుతుంటే చూడడం నాకెంత ఇష్టమో చెప్పలేను. అలా మాటు వేసిన రేడియేటర్లు పదిహేనేళ్లు నడిచినవి నా చేతుల మీదుగా పోయాయి. ఇప్పటివి అల్యూమినియం గొట్టాలు, ప్లాస్టిక్ ట్యాంకు, రెండిటికీ మధ్య రబ్బరు పట్టీ, అంచులు మడిచి నొక్కేసిన రేకు. తేలిక, వేడి బాగానే లాగుతుంది, నిజమే. కానీ ప్లాస్టిక్ పగిలిందా, పారేయాల్సిందే. బాగుచేసే దారి పెట్టకుండా వస్తువు తయారుచేయడం నాకు ఎప్పటికీ సబబు అనిపించదు.

మొన్న సంక్రాంతి అయిపోయిన వారానికి మా తోడల్లుడి మనవడు వచ్చాడు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లవాడు, చీరల కంపెనీలో కంప్యూటర్ డిజైన్లు వేస్తాడు. 90లనాటి డీజిల్ జీపు ఒకటి కొన్నాడు. ఆదివారాలు స్నేహితులతో కలిసి డాంగ్స్ అడవుల్లోకి, వఘయి అవతల మట్టి దారుల్లోకి తీసుకుపోతాడట. వాకిట్లో బండి ఆపి మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు.

"ఏమైందిరా బిడ్డా?"

"నీళ్లు తగ్గుతున్నయి తాతా. రెండు రోజులకు అర లీటరు. కింద మాత్రం చుక్క పడ్తలేదు. సాపుతారా ఘాటు ఎక్కుతుంటే ముల్లు ఎర్రగీత దాటింది."

"ఎవరికన్న చూపించినవా?"

చూపించాడు. ఒక షాపులో రేడియేటర్, పంపు, పైపులు అన్నీ మార్చాలని లెక్క రాసిచ్చారు. అంత డబ్బు లేదంటే లీకు ఆపే మందు అని ఒక సీసా రేడియేటర్‌లో పోసి పంపారు. వారం రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. పైగా ఇప్పుడు బండి ముందుకంటే ఎక్కువ వేడెక్కుతోంది. నాకు కోపం వచ్చింది, పిల్లవాడి మీద కాదు. ఒక్కడంటే ఒక్కడు ఆ బండిని చల్లారనిచ్చి, మూత తీసి, లోపలికి చూడలేదు.

లీకు ఆపే మందు మా రోజుల్లోనూ ఉంది. పసుపు. రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేస్తే ఉబ్బి సన్నటి చిల్లుల్లో పోయి పట్టుకుంటుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చిందని లక్షలమంది సూరత్ విడిచి పోయినప్పుడు, రైళ్లలో కాలు పెట్టే చోటు లేక జీపులు పట్టుకుని పోయారు మనవాళ్లు. ఒక రాత్రి పదకొండింటికి ఉధ్నాలో మా గ్యారేజీ ముందు జీపు ఆగింది. లోపల రెండు కుటుంబాలు, ఒకామె ఒళ్లో పసిబిడ్డ. రేడియేటర్ నుంచి సన్నటి ధార. విప్పి మాటు వేసేంత సమయం లేదు, జనం భయంతో వణుకుతున్నారు. మా ఉస్తాద్ మూటలో పసుపు ఉందా తల్లీ అని అడిగాడు. ఆమె సామాను మూట విప్పి పొట్లం తీసి ఇచ్చింది. పసుపు వేసి, ఇంజను ఆన్ చేసి, పావుగంట చేతిలో దీపంతో అక్కడే నిలబడ్డాడు. ధార చుక్కలైంది, చుక్క ఆగింది. బండి నవాపూర్ దాటింది. పంపేముందు డ్రైవరు చెయ్యి పట్టుకుని, తిరిగొచ్చిన రోజే రేడియేటర్ విప్పించాలని ఒట్టు పెట్టించుకున్నాడు. డ్రైవరు పది రోజుల తర్వాత వచ్చాడు. పసుపు మొత్తం కడిగి, గొట్టాలు పొడిచి శుభ్రం చేసి, మాటు వేసి పంపాం. దారి మధ్యలో గండం గడవడానికి పసుపు. ఇంటికి చేరాక దాన్ని లోపల ఉంచడం బండికి ద్రోహం. చిల్లి ఏది, మంచి గొట్టం ఏది అని ఆ మందుకు తెలియదు. రెండిటినీ కలిపి మూసేస్తుంది. పిల్లవాడి జీపు ఎక్కువ వేడెక్కడానికి కారణం అదే.

బండిని రాత్రంతా చల్లారనిచ్చాను. వేడి మీద మూత తీయకూడదని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మూత ఒత్తిడిని పట్టి ఉంచడం వల్ల లోపలి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. ఒక బార్ ఒత్తిడి ఉంటే 120 దగ్గర మరుగుతాయి. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి మొహం మీదికి లేస్తాయి. మా గ్యారేజీలో నాతో పాటు చేరిన కుర్రవాడి మెడ మీద ఆ మచ్చ చివరిదాకా పోలేదు.

పొద్దున ముందు మూత చూశాను. లోపలి రబ్బరు బాగానే ఉంది. చాలాసార్లు దొంగ అక్కడే ఉంటుంది. రబ్బరు ఎండి చీలితే ఒత్తిడి నిలవక నీళ్లు పక్క సీసాలోకి, అక్కడి నుంచి రోడ్డు మీదికి పోతాయి. తర్వాత ఆయిల్ గేజి కడ్డీ తీశాను. ఆయిల్ నల్లగానే ఉంది, పాలు కలిపిన టీలా లేదు. మూత తెరిచే ఉంచి ఇంజను ఆన్ చేస్తే బుడగలు రాలేదు, వెనక తెల్లటి పొగ లేదు. అంటే హెడ్ గాస్కెట్ పోలేదు, నీళ్లు ఇంజను లోపలికి పోవడం లేదు. బయటికే పోతున్నాయి. ఎక్కడికి?

ఇంజను ఆపి, బాగా చల్లారాక, రేడియేటర్ మూతికి చేతి పంపు తగిలించాను. గాలి కొడితే ముల్లు ఒత్తిడి చూపించే పనిముట్టు అది. కొత్తగా వచ్చినవన్నీ చెడ్డవని నేను అనను. ఈ పంపు మా రోజుల్లో మా చేతికి దొరికి ఉంటే ఎన్ని పూటలు మిగిలేవో. ఒత్తిడి ఎక్కించి చూస్తే ముల్లు నెమ్మదిగా దిగుతోంది. ఎక్కడో పోతోందని తెలిసింది గానీ ఎక్కడో ముల్లు చెప్పదు. పైపుల కీళ్లు తడిమాను, పొడి. వాటర్ పంపు కింద ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోతే ముందు అక్కడి నుంచే చుక్క దిగాలని కావాలని పెట్టిన రంధ్రం. అది కూడా పొడి. ఎంతమంది ఆ రంధ్రం సంగతి తెలియక దానికి సీలెంటు పూసి మూసేశారో.

"మీ నానమ్మనడిగి ముగ్గుపిండి డబ్బా పట్కరా," అన్నాను.

పిల్లవాడు నా మొహం చూశాడు. తెచ్చాడు. ఇంజను పక్కలన్నీ గుడ్డతో తుడిచి, కిరసనాయిలుతో జిడ్డు తీసి, ఆరనిచ్చి, పాత పెయింటు బ్రష్షుతో పిండి అద్దాను. బ్లాకు అంతా తెల్లగా సున్నం కొట్టిన గోడలా అయింది. మళ్లీ ఒత్తిడి ఎక్కించి ఇద్దరం చెరో పక్క కూర్చున్నాం. పది నిమిషాలు ఏమీ లేదు. "తాతా," అన్నాడు వాడు గొంతు తగ్గించి. బ్లాకు వెనక మూలన, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నీడలో, తెల్లటి పిండి మీద ఆవగింజంత బూడిదరంగు మచ్చ. చూస్తుండగానే అది చీమ నడిచినట్టు కిందికి గీత గీసింది.

కోర్ ప్లగ్గు. బ్లాకు పోత పోసేటప్పుడు మిగిలే గుండ్రటి రంధ్రాలను మూసే రేకు బిళ్ల. లోపలి వైపు తుప్పు తిని గుండుసూది మొనంత చిల్లి పడింది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు కారిన నీళ్లు కాలిన మానిఫోల్డ్ పక్కనే ఆవిరైపోతున్నాయి. నేల మీద చుక్క పడకపోవడానికి అదీ సంగతి. పాత యజమాని ఏళ్ల తరబడి ఉత్త బోరు నీళ్లు పోసి నడిపినట్టున్నాడు.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పాలి. మేమూ అదే చేశాం. ఏ నీళ్లు దొరికితే ఆ నీళ్లు. ఇక్కడి బోరు నీళ్లు బకెట్‌లో వారం ఉంటే అంచున తెల్లటి పొర కడతాయి. అవే రేడియేటర్‌లో మరిగితే గొట్టాలకు లోపల సున్నం పేరుకుంటుంది, ఇనుము తుప్పు పడుతుంది. వేడెక్కుతోందని డ్రైవరు మొత్తుకుంటే థర్మోస్టాట్ పీకి పారేసేవాళ్లం. ఇంజను సరైన వేడి అందుకోక చలికాలం పొద్దున్నే డబడబ కొట్టుకుంటూ పొగ కక్కేది. కూలెంటు వచ్చాక అది ఎంత మంచిదో తెలిసింది. ఇథిలీన్ గ్లైకాల్, శుద్ధి చేసిన నీళ్లు సగం సగం. మన ఊళ్లలో గడ్డకట్టే చలి లేకపోయినా అందులో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి, మామూలు నీళ్లకంటే ఎక్కువ వేడికి గానీ మరగదు. కానీ దాన్ని కూడా ఇప్పుడు రంగు నీళ్లలా చూస్తున్నారు. పచ్చదాంట్లో ఎర్రది పోస్తారు. రెండు రకాల మందులు కలిసి జిగురైన రేడియేటర్ నేను విప్పాను. తీసిన కూలెంటు మోరీ పక్కన పారబోస్తారు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, మూత్రపిండాలు పాడై చస్తాయి. మా వీధిలో ఒక కుక్క అలా రెండు రోజులు వాంతులు చేసుకుని పోయింది. అప్పటి నుంచి నేను పాత కూలెంటు మూత ఉన్న క్యానులోనే పడతాను.

కోర్ ప్లగ్గు మార్చడం పెద్ద పని కాదు, ఓపిక పని. బ్లాకు ఖాళీ చేసి, మానిఫోల్డ్ విప్పి, బిళ్ల ఒక అంచు మీద ఉలితో మెల్లగా కొడితే అది లోపలికి పోకుండా పక్కకు తిరుగుతుంది. ప్లయరుతో పట్టి లాగాలి. గట్టిగా కొట్టామా, బిళ్ల నీళ్ల గదిలోకి జారుతుంది. పిల్లవాడి చేతికే ఉలి ఇచ్చాను. వాడి చెయ్యి వణికింది. రెండో దెబ్బకు బిళ్ల తిరిగింది. కూర్చునే అంచు ఎమరీ కాగితంతో రుద్ది, కొంచెం సీలెంటు రాసి, ఇత్తడి బిళ్ల పెట్టి, దాని లోపలి అంచుకు సరిపడే సాకెట్ ఆన్చి కొట్టించాను. ఇత్తడికి తుప్పు భయం లేదు. బిళ్ల ఖరీదు వంద రూపాయలు కూడా కాదు. బయటికి తీసిన పాతది వాడు అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. చిల్లిలోంచి ఆకాశం కనపడింది.

లీకు ఆగింది గానీ మందు గడ్డకట్టిన రేడియేటర్ మిగిలే ఉంది. దాన్ని పై ట్యాంకు ఊడదీసి, ఒక్కొక్క గొట్టంలో సన్నటి ఉక్కు బద్ద దించి పొడవాలి. మా రోజుల్లో లింబాయత్ దారిలోనే అలాంటి దుకాణాలు నాలుగు ఉండేవి. 2006 ఆగస్టులో ఉకాయి నీళ్లు వదిలి తాపీ ఊరి మీద పడ్డప్పుడు, వరద దిగాక ఆ నలుగురికీ నెలల తరబడి నిద్ర లేదు. రేకుల మధ్య తాపీ బురద ఎండి సిమెంటులా బిగుసుకుపోయిన రేడియేటర్లు గోడ పక్కన మనిషెత్తు పేర్చి ఉండేవి. మేము పిల్లల పళ్లు తోమినట్టు వెనక వైపు నుంచి నీళ్లు కొడుతూ కడిగాం. ఇప్పుడు ఆ నాలుగిట్లో మూడు లేవు. ఒకదాంట్లో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు, ఒకదాంట్లో ఎంబ్రాయిడరీ మిషను ఆడుతోంది. ఎవరూ పని తెచ్చి ఇవ్వకపోతే దుకాణం ఎలా నిలుస్తుంది? మార్చెయ్ అన్న ఒక్క మాట ఎంతమంది చేతి పని తీసుకుపోయిందో ఆ మాట అనేవాళ్లు ఎప్పుడూ లెక్క చూసుకోరు.

నాలుగోవాడు ఉన్నాడు. నాకంటే రెండేళ్లు పెద్ద, మరాఠీ మనిషి. కళ్లజోడు దారంతో కట్టుకున్నాడు. రేడియేటర్ ఒళ్లో పెట్టుకుని పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సెగ పట్టగానే పై ట్యాంకు చుట్టూ మాటు కరిగి మూత వదులైంది. లోపల గొట్టాల నోళ్లన్నీ గోధుమరంగు బంకతో మూసుకుపోయాయి. లెక్కపెడితే సగానికి పైగా. బద్ద దించి లాగిన ప్రతిసారీ కొస మీద ఆ బంక వచ్చేది. గుడ్డకు తుడిచి మళ్లీ దించేవాడు. మధ్యాహ్నం దాకా అదే పని. మధ్యలో బద్ద పిల్లవాడి చేతిలో పెట్టాడు. చెప్పలేదు, చూపించలేదు, ఊరికే పెట్టాడు. గొట్టం గోడకు తగలకుండా నిలువుగా దించడం వాడికి ఆరో గొట్టానికి పట్టుబడింది. తొట్టిలో ముంచి గాలి పట్టాం, ఒక్క బుడగ రాలేదు. ఆ మనిషి అడిగిన కూలి నేను రెట్టింపు చేసి ఇచ్చాను. వద్దన్నాడు, ఒప్పించాను.

దుకాణం ఎన్నాళ్లు నడుపుతావని అడిగితే దీపావళి దాకా అన్నాడు. కొడుకులకు ఇది ఇష్టం లేదు, కిరాయి వస్తే చాలంటున్నారట. ఆ బద్దలు, ఆ కత్తెరలు, ఆ తొట్టి ఏమవుతాయని అడగడానికి నాకు నోరు రాలేదు.

నాలుగు నెలలైంది. పిల్లవాడు వానలు మొదలయ్యే ముందు మళ్లీ వఘయి పోయి వచ్చాడు. ఘాటు ఎక్కేటప్పుడు ముల్లు మధ్యలోనే నిలబడిందని చెప్పాడు. నేను వాడి మాట వినేసి ఊరుకోలేదు. మర్నాడు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూశాను. కూలెంటు పచ్చగా, తేటగా, వేలు పెడితే మొదటి కణుపుకు అంటేంత ఎత్తులో ఉంది. పెట్టినప్పుడు ఎంత ఉందో అంతే. బానెట్ మూస్తుంటే సీటు కింద ఒక డబ్బా కనపడింది. మా ఇంటి ముగ్గుపిండి. వాడు తిరిగి ఇవ్వలేదు.

"నానమ్మ అడుగుతున్నదిరా," అన్నాను.

"కొత్త డబ్బా తెచ్చిస్త తాతా. ఇది బండ్లనే ఉండనియ్యి. వచ్చే ఆదివారం మా దోస్తు జిప్సీ తెస్తడు, దానికి కూడ నీళ్లు తగ్గుతున్నయట. ఆదివారం పొద్దుగాల ఆ రేడియేటర్ తాత దగ్గరికి పోయి, అటెన్క నీ దగ్గరికొస్త."

ఇప్పటికి మూడు ఆదివారాలు అక్కడికి పోయాడట. నాకు చెప్పలేదు.